చిమ్నీ మీద ఆన్‌లైన్ మీటరు: ఆ రీడింగ్ ఒక్కదానితో చర్య తీసుకోవచ్చా?

థింబుల్:
2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల భారీ కాలుష్య పరిశ్రమలను కాలుష్యాన్ని నిరంతరం కొలిచే ఆన్‌లైన్ మీటర్లు పెట్టుకోమని ఆదేశించింది. సిమెంటు, థర్మల్, ఉక్కు, ఎరువులు, ఫార్మా అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. అంకెలిప్పుడు నేరుగా పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) సర్వరుకు పోతున్నాయి, పరిమితి దాటితే ఎస్సెమ్మెస్ వస్తుంది. అలాంటప్పుడు మనిషి చిమ్నీ ఎక్కి సాంపిల్ తీయడం దేనికి, ఆ అంకె చూసి మూసివేత ఉత్తర్వు ఇచ్చేయొచ్చు కదా అని చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను.

ముందు చట్టం సంగతి. 1981 వాయు చట్టం 26వ సెక్షన్ ప్రకారం యాజమాన్యానికి నోటీసివ్వాలి, వాళ్ల మనిషి ఎదుటే సాంపిల్ తీయాలి, డబ్బాకు సీలు వేసి ఇద్దరూ సంతకం పెట్టాలి, నిర్దేశించిన ల్యాబుకే పంపాలి. ఇది పాటించకపోతే ఫలితం సాక్ష్యంగా చెల్లదని సెక్షనే చెబుతోంది. మీటరు రీడింగుకు సీలూ లేదు, సంతకమూ లేదు.

రెండోది, డస్ట్ మీటరు దుమ్మును తూచదు. కాంతి ఎంత చెదిరిందో, రేణువులు తగిలి రాడ్డులో ఎంత కరెంటు పుట్టిందో చూస్తుంది. దాన్ని ఒక గుణకంతో హెచ్చవేస్తేనే మిల్లీగ్రాములు వస్తాయి. ఆ గుణకం వేర్వేరు లోడ్ల దగ్గర థింబుల్‌తో (దుమ్మును పట్టే గొట్టం లాంటి ఫిల్టరుతో) తీసిన సాంపిళ్ల బరువుల నుంచి రావాలి. బొగ్గు మారి రేణువు సైజు మారితే గుణకమూ తప్పుతుంది. అమ్మిన కంపెనీ మొదట వేసిన గుణకంతోనే నడిచే మీటరును నమ్మి ఫ్యాక్టరీని మూయడం న్యాయం కాదు.

రాత్రి_షిఫ్ట్:
థింబుల్ గారూ, మీ పంపు నిమిషానికి 25 లీటర్లు లాగితే ఒక ఘనపు మీటరుకు 40 నిమిషాలు పడుతుంది. ఏడాదిలో 8,760 గంటలున్నాయి. మీ టీము గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టి, సామాను పైకెక్కించి, పోర్టు (సాంపిల్ తీసే రంధ్రం) ఫ్లాంజి బోల్టులు విప్పేలోపు లోడు తగ్గించడానికి, ఆపిన ఈఎస్పీ (కరెంటుతో దుమ్మును పట్టే యంత్రం) ఫీల్డులన్నీ, అంటే దాని విభాగాలన్నీ, మళ్లీ ఆన్ చేయడానికి బోలెడంత సమయం. ఆ 40 నిమిషాల గాలి ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది.

చేత్తో తీసిన సాంపిల్ నిజం చెబుతుందనడానికి గుజరాత్ అనుభవం చూడండి. అక్కడ ఆడిటరును పెట్టుకునేదీ డబ్బిచ్చేదీ ఫ్యాక్టరీయే అయినప్పుడు, దుమ్ము రీడింగులు ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాముల పరిమితికి సరిగ్గా కింద గుంపుగా పేరుకున్నాయి. 2009లో మొదలైన ప్రయోగంలో కొన్ని ఫ్యాక్టరీలకు ఆడిటర్లను లాటరీగా కేటాయించారు, ఉమ్మడి నిధి నుంచి జీతమిచ్చారు, కొన్ని రీడింగులను మళ్లీ తీసి సరిచూశారు. దాంతో తప్పుడు ‘పాస్’లు 80 శాతం తగ్గాయి, ఆ ఫ్యాక్టరీల కాలుష్యం కూడా తగ్గింది. 2019లో సూరత్‌లో మొదలైన దుమ్ము పర్మిట్ల మార్కెట్ నడిచేది ఆన్‌లైన్ మీటర్ల మీదే.

చట్టం మాటకొస్తే, అదే చట్టం 31ఏ సెక్షన్ కింద మూసివేత లాంటి ఆదేశాలివ్వడానికి 26 ప్రకారం తీసిన సాంపిల్ ఉండాలని ఆ సెక్షన్లో ఎక్కడా రాయలేదు. పైగా 2024 ఏప్రిల్ నుంచి చాలా ఉల్లంఘనలకు జైలు పోయి, 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా వచ్చింది.

నాలుగు_ఇరవై:
మీ ఇద్దరూ మీటరు అంటే ఒకే వస్తువన్నట్టు మాట్లాడుతున్నారు. మీటరు నుంచి సర్వరు దాకా తప్పు పుట్టే చోట్లు చాలా ఉన్నాయి.

మొదటిది తీగ. అనలాగ్ అవుట్‌పుట్ 4 నుంచి 20 మిల్లీయాంపులు. మీటరు రేంజి 0–300 అయితే 12 మిల్లీయాంపులంటే 150. అంకెను నమోదు చేసి సర్వరుకు పంపే లాగరులో రేంజి 0–100 అని కొడితే అదే 12 మిల్లీయాంపులు 50గా పోతాయి. మీటరును ఎవరూ ముట్టుకోలేదు, క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్టూ సరిగానే ఉంది, అంకె మాత్రం మూడో వంతు. అందుకే మోడ్‌బస్ (యంత్రాలు అంకెలను పంపుకునే పద్ధతి) ద్వారా డిజిటల్‌గానే తీసుకోవాలి, మధ్యలో ఫ్యాక్టరీ కంప్యూటరు ఉండకూడదు. తనిఖీకి వెళ్లినవారు మీటరు స్క్రీను, లాగరు, పీసీబీ పోర్టల్ మూడింటినీ ఒకే నిమిషంలో ఫొటో తీయాలి.

రెండోది ఆక్సిజన్. ప్రమాదకర వ్యర్థాల ఇన్సినరేటరుకు దుమ్ము పరిమితి 50, అదీ 11 శాతం ఆక్సిజన్‌కు సరిచేశాక. లెక్క ఇది: కొలిచిన అంకెను 10తో హెచ్చవేసి, 21లోంచి కొలిచిన ఆక్సిజన్ తీసేయగా మిగిలినదానితో భాగించాలి. దుమ్ము 28, ఆక్సిజన్ 16 అయితే 56, అంటే ఫెయిల్. అదే ఆక్సిజన్ సెల్ 12 అని చూపిస్తే 31, పాస్. ఇక్కడ డస్ట్ మీటరు నిజమే చెప్పింది. అయినా చాలా తనిఖీల్లో ఆక్సిజన్ సెల్‌కు స్పాన్ గ్యాస్ (ఆక్సిజన్ శాతం ముందే తెలిసిన గ్యాస్) పెట్టి చూడరు.

మూడోది, మీటరు రకం. ఈఎస్పీ తర్వాత రేణువుల మీద చార్జి మిగిలే ఉంటుంది కాబట్టి రేణువులు తగిలితే కరెంటు పుట్టే ట్రైబో రాడ్డు అక్కడ పనికిరాదు. తడి స్క్రబ్బరు (నీళ్లతో గాలిని కడిగే పరికరం) తర్వాత నీటి తుంపరను ఆప్టికల్ మీటరు దుమ్ముగా లెక్కేస్తుంది. అద్దం మీదికి గాలి ఊదే పర్జ్ బ్లోయరు ఆగి అద్దం మసకబారితే, కాంతి ఎంత ఆగిందో చూసే అపాసిటీ మీటరు ఎక్కువ చూపిస్తుంది, ఎంత చెదిరిందో చూసే స్కాటర్ మీటరు తక్కువ చూపిస్తుంది. ఇలాంటి చోట రీడింగ్ ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా దానితో కేసు కట్టలేం.

థింబుల్:
రేంజి, ఆక్సిజన్ విషయాలు పూర్తిగా ఒప్పుకుంటాను. గుజరాత్ లెక్కనూ కాదనను, అయితే అది డబ్బు ఎవరిస్తున్నారన్న సమస్య, థింబుల్ సమస్య కాదు.

మాన్యువల్‌లో తప్పు జరిగితే కాగితం మీద దొరుకుతుంది. నాజిల్ దగ్గర వేగం చిమ్నీ వేగంతో సమానంగా ఉండాలి, 90 నుంచి 110 శాతం లోపల. ఎక్కువ లాగితే బరువు రేణువులు దారి తప్పి ఫలితం తగ్గుతుంది, తక్కువ లాగితే పెరుగుతుంది. పిటో (గాలి వేగం కొలిచే గొట్టం) రీడింగులు షీటులో ఉంటే ఎవరైనా మళ్లీ లెక్క కట్టొచ్చు. పోర్టు కింద వంపు నుంచి 8 వ్యాసాలు, పైన 2 వ్యాసాలు దూరం ఉందో లేదో టేపుతో తేలుతుంది. ఉష్ణోగ్రత కూడా అంతే: 150 డిగ్రీల గాలిలో 35 మిల్లీగ్రాములుంటే 25 డిగ్రీలకు సరిచేశాక దాదాపు 50. ఒక బలహీనత మాత్రం నిజం. పరిమితి 30కి దిగాక ఒక ఘనపు మీటరులో దొరికేది 30 మిల్లీగ్రాములే. ఫ్లాంజిలోంచి తీసేటప్పుడు థింబుల్ అంచు రాసుకుని 3 మిల్లీగ్రాముల పీచు రాలితే 10 శాతం పోయినట్టే. తక్కువ పరిమితులున్న చోట రెండు ఘనపు మీటర్లయినా లాగాలి.

జరిమానా గురించి: 26లో ఉన్న మాట ‘ఏ న్యాయ ప్రక్రియలోనైనా’ అని. జరిమానా వేసే విచారణాధికారి ముందు అది వర్తించదని నేను ధైర్యంగా చెప్పలేను.

సాల్వెంట్:
మీరంతా చిమ్నీ దగ్గరే ఆగారు. పాశమైలారం, బొల్లారం, పరవాడల్లో జనం ఫిర్యాదు రాత్రి వాసన గురించి. అది బాయిలరు చిమ్నీలోంచి రాదు కదా. దానికి ఏ మీటరు?

నాలుగు_ఇరవై:
మంచి ప్రశ్న. ఇక్కడ ఆన్‌లైన్ అంకె మరింత మోసం చేస్తుంది. ప్రహరీ దగ్గర పెట్టే పీఐడీ మీటర్లలో (అతినీలలోహిత కాంతితో ఆవిరులను అయనీకరించి కొలిచేవి) సాధారణంగా 10.6 ఎలక్ట్రాన్ వోల్టుల దీపం ఉంటుంది. ఫార్మా యూనిట్లు వాడే సాల్వెంట్లలో టొలీన్‌ను పట్టుకుంటుంది, ఎందుకంటే దాని అయనీకరణ శక్తి 8.8. మిథిలీన్ క్లోరైడ్‌ది 11.3, కాబట్టి ఎంత లీకైనా ఆ దీపానికి కనిపించదు. 11.7 దీపం కావాలి. అది ఖరీదు, త్వరగా పాడవుతుంది, అందుకే ఎవరూ పెట్టరు. పోర్టల్‌లో సున్నా కనిపిస్తుంది, ఊళ్లో వాసన ఉంటుంది.

ఇక్కడ మీటరు కన్నా ప్రాసెస్ చూడటం మేలు. మిథిలీన్ క్లోరైడ్ 40 డిగ్రీలకే మరుగుతుంది. 20 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి పీడనం దాదాపు 350 మిల్లీమీటర్ల పాదరసం, అంటే వెంట్ (ఆవిరి బయటికి పోయే గొట్టం) గాలిలో సగానికి దగ్గరగా అదే ఉండొచ్చు. ఒక్క కూలింగ్ టవర్ నీళ్లతో నడిచే కండెన్సరు దాన్ని ఆపలేదు, తర్వాత మైనస్ ఉష్ణోగ్రతలో బ్రైన్ (చల్లబరిచిన ఉప్పునీరు) కండెన్సరు ఉండాలి. వెంట్‌ను నీటి స్క్రబ్బరుకు కలిపామని చెబితే ఒప్పుకోకూడదు, టొలీన్‌గానీ మిథిలీన్ క్లోరైడ్‌గానీ నీళ్లలో సరిగా కలవవు. అడగాల్సినవి బ్రైన్ ఉష్ణోగ్రత రికార్డు, నెలవారీ సాల్వెంట్ కొనుగోలు, రికవరీ లెక్క. కొన్నదానికీ లెక్కలో చూపిన రికవరీ, వ్యర్థాలకూ మధ్య తేడా ఎక్కువగా గాలిలోకే పోయి ఉంటుంది.

రాత్రి_షిఫ్ట్:
దుమ్ముకూ ఇదే పద్ధతి పెట్టొచ్చు. రీడింగుతో పాటు ఈఎస్పీ ప్రతి ఫీల్డు కిలోవోల్టులు, మిల్లీయాంపులు, ఐడీ ఫ్యాను (పొగను లాగి చిమ్నీకి పంపేది) ఆంపియర్లు కూడా సర్వరుకు రావాలి. ఫీల్డు ట్రిప్పయి దుమ్ము గీత కదలకపోతే ఆ గీత అబద్ధం. బ్యాగ్ ఫిల్టరు పీడన తేడా 120 మిల్లీమీటర్ల నీటి నుంచి ఉన్నట్టుండి 60కి పడితే సంచి చిరిగినట్టు అనుమానించాలి. సిమెంటు కిల్న్‌లో కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే పేలుడు జరగకుండా ఈఎస్పీ తానే ఆగిపోతుంది, ఆ కొద్ది నిమిషాల దుమ్మును ఇంటర్‌లాక్ (అలా తానే ఆపే ఏర్పాటు) రికార్డుతో సరిచూడాలి. ఆ కాసేపటికి నోటీసివ్వడం అన్యాయం, అదే ట్రిప్పు రోజూ వస్తుంటే వదిలేయడమూ అన్యాయమే.

ఇవన్నీ ఒకే వైపు చూపిస్తూ వరుసగా నాలుగు 15 నిమిషాల సగటులు దాటితే ఆ రాత్రే 31ఏ కింద లోడు తగ్గించమని చెప్పాలి. సాంపిల్ వచ్చేదాకా ఆగకూడదు.

థింబుల్:
లోడు తగ్గించమనడం వరకు నాకు అభ్యంతరం లేదు. మూసివేతకైతే 48 గంటల్లో సాంపిల్ తీసి ఆ రీడింగుతో కలిపి చూడాల్సిందే. అందుకు చిమ్నీ ప్లాట్‌ఫారం మీద లైట్లు, నిచ్చెనకు గార్డు, పైన 230 వోల్టుల ప్లగ్గు ఉండాలన్నది పీసీబీ ఇచ్చే కన్సెంట్ (అనుమతి) షరతుల్లో రాయండి. అవి లేకపోవడం వల్లే రాత్రి సాంపిల్ తీయలేకపోతున్నారు.