వరి పండే కంబోడియాలో అన్ని ఆకలి చావులా?

ప్రశ్న (అమలాపురం పాఠకుడు):
1975 ఏప్రిల్ నుంచి 1979 జనవరి వరకు సాగిన కమ్యూనిస్టు నియంత పోల్ పాట్ పాలనలో, సుమారు 80 లక్షల కంబోడియా జనాభాలో 15 నుంచి 20 లక్షల మంది మరణించారని చరిత్రకారుల అంచనా. వీరంతా హత్యకు గురైనవారేనా? మన కోనసీమలాగా వరి, నీరు ఉన్న దేశంలో జనం తిండి లేక ఎలా చనిపోయారు?

జవాబు (రాజోలు రైతు):
అందరూ కాదండి. హెక్టారుకు 3 టన్నుల ధాన్యం పండించాలని ప్రభుత్వం హుకుం జారీ చేసింది. అంటే మన 75 కిలోల బస్తాల్లో ఎకరానికి 16. దాళ్వాలో (రబీ వరిలో) అంతకు రెట్టింపు దాటి చూసే మనకు అది చిన్న లెక్కే గాని, ఎరువులు లేకుండా, నగరాల నుంచి తరిమి తెచ్చిన గుమాస్తాలతో, ఉపాధ్యాయులతో అది సాధ్యమయ్యే పని కాదు. పండలేదని చెబితే ప్రాణం పోతుందని భయపడిన స్థానిక అధికారులు ఆ లెక్క ప్రకారమే ధాన్యాన్ని పైకి పంపించగా, పండించినవారికి పలుచని గంజి మిగిలింది. జ్వరాలకు మందులూ లేవు.

జవాబు (చరిత్ర ఉపాధ్యాయురాలు, నరసాపురం):
హత్యలూ తక్కువేమీ కావు. రాజధాని నామ్ పెన్‌లో ఒక పాఠశాలను తువోల్ స్లెంగ్ జైలుగా మార్చి, తెచ్చిన ప్రతి ఖైదీకి ఫోటో తీసి, చిత్రహింసలతో వాంగ్మూలం రాయించి చంపేవారు. అక్కడ కనీసం 12,272 మంది బలయ్యారని 2010లో న్యాయస్థానం నిర్ధారించి, జైలు అధిపతి డుచ్‌కు శిక్ష వేసింది. పోల్ పాట్ మాత్రం అంతర్జాతీయ విచారణ ఏదీ ఎదుర్కోకుండానే 1998లో మరణించాడు.

జవాబు (తణుకు సభ్యుడు):
దొంగ దిగుబడి లెక్కలు అక్కడితో మొదలు కాలేదు. మావో కాలంలో 1959–61 చైనా కరువుకూ అవే ఒక ముఖ్య కారణం.