తాతయ్య పెట్టెలో దొరికిన మిలిటరీ బండ్ల ఫొటోలు: ఏ బండ్లో గుర్తుపట్టగలరా?

పద్మ, బ్రాడీపేట (గుంటూరు)

అందరికీ నమస్కారం. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో (సైన్యానికి సరుకులు, రవాణా చూసే విభాగం) డ్రైవరు. బర్మా సరిహద్దు దాకా వెళ్లివచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఈ మధ్య తెనాలి ఇల్లు ఖాళీ చేస్తుంటే రేకు పెట్టెలో మూడు ఫొటోలు బయటపడ్డాయి. స్కాన్ చేసి పెట్టాను.

మొదటి దాంట్లో కొందరు సైనికులు ఒక లారీ ముందు వరుసగా నిలబడ్డారు. ఆ లారీకి ముందుకు పొడుచుకొచ్చిన బానెట్ లేదు, మొహం మొద్దుగా ఉంది. ముందు అద్దం రెండు ముక్కలు, కింది అంచు లోపలికి వాలినట్టు కనిపిస్తోంది. బానెట్ పక్కన తెల్ల రంగుతో నంబరు, దాని ముందు ఇంగ్లీషు ‘ఎల్’ అక్షరం. బంపరు పైన గుండ్రటి బిళ్ల, అందులో ఏదో అంకె.

రెండోది జీపు. తాతయ్య స్టీరింగు ముందు కూర్చున్నాడు. వెనక పెన్సిలుతో ‘ఇంఫాల్ 1944’ అని రాసి ఉంది.

మూడోది యుద్ధం తర్వాతది అనుకుంటాను. మిరపకాయ బస్తాలు ఎత్తిన లారీ, చెక్క క్యాబిన్, వెనక రెండు ఇరుసులు, మొత్తం పది టైర్లు. స్టీరింగు ఎడమవైపు ఉంది!

మొదటి లారీ అమెరికా జీఎంసీ అని మా అన్నయ్య, కాదు బ్రిటన్ బెడ్‌ఫోర్డ్ అని మా బాబాయి పట్టుబట్టి కూర్చున్నారు. ఫ్రేము కట్టించి కింద పేర్లు రాయించాలి. తప్పు పేరు రాయించడం ఇష్టం లేదు. తెలిసినవారు చెప్పండి.

కృష్ణలంక కుర్రాడు

జీఎంసీనే అక్కా, అనుమానం వద్దు. యుద్ధం నాటి లారీలన్నీ జీఎంసీలే. ఏ సినిమాలో చూసినా అవే.

పాత ఇనుము, ఆటోనగర్ (విజయవాడ)

సినిమా చూసి బండి పేరు చెబితే ఇలాగే ఉంటుంది నాయనా. జీఎంసీకి పొడవాటి బానెట్ ఉంటుంది, స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. అమ్మాయి పెట్టిన మొదటి ఫొటోలో ఆ పొడవాటి బానెట్టూ లేదు, స్టీరింగు చూస్తే కుడివైపుంది. ఇక జీఎంసీ ఎక్కడి నుంచి వచ్చింది?

పద్మమ్మా, నేను ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టి బతికినవాణ్ణి. మా మేస్త్రి డిస్పోజల్ బండ్ల మీద, అంటే యుద్ధం అయ్యాక వేలం వేసిన మిలిటరీ బండ్ల మీద, పని నేర్చుకున్నవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒకటే: రంగు మారుతుంది, నంబరు మారుతుంది, తొట్టి ఊడదీసి కొత్తది కడతారు, ఇంజను కూడా మారుస్తారు. ప్రెస్సులో కొట్టిన రేకు, పోతపోసిన ఇరుసు మాత్రం తొందరగా మారవు. బండిని పట్టుకోవాలంటే వాటినే పట్టుకోవాలి.

మీ మొదటి ఫొటోలో అసలు సాక్ష్యం ఆ అద్దమే. కింది అంచు లోపలికి, పై అంచు ముందుకు ఉన్న అద్దం ‘కెనడియన్ మిలిటరీ ప్యాటర్న్’ బండ్లలో మూడో రకం క్యాబిన్‌ది. దాన్ని క్యాబ్ 13 అంటారు. 1941 చివర్లో మొదలై యుద్ధం ముగిసేదాకా అదే నడిచింది. అంతకు ముందున్న రెండు రకాల్లో అద్దం ఇలా ఉండదు. అద్దాన్ని అలా వాల్చడానికి కారణం ఉంది. ఎండ అద్దం మీద పడి పైకి తళుక్కుమంటే విమానంలో ఉన్నవాడికి బండి ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇలా వాలిస్తే ఆ మెరుపు నేలకే పోతుంది.

బ్రిటిష్ సైన్యం కొలతలకు సరిపడేట్టు కెనడాలోని ఫోర్డ్, జనరల్ మోటార్స్ (దాని బండ్ల పేరు షెవర్లే) రెండూ ఒకే తరహా మొహంతో ఈ బండ్లు తయారుచేశాయి. అన్ని రకాలూ కలిపి 4 లక్షలకు పైగానే. అన్నీ కుడివైపు స్టీరింగు. మొహం మొద్దుగా ఎందుకంటే, బండి మొత్తం పొడవు పెరగకుండా తొట్టికి చోటు దొరుకుతుంది, ఓడలో ఎక్కువ బండ్లు పడతాయి. అందులో కూర్చున్న డ్రైవరుకు మాత్రం నరకం. ఇంజను సగం క్యాబిన్‌లోకి వచ్చేసి ఉంటుంది, కాళ్లు పెట్టుకోవడానికి చోటు చాలదు, వేడికి తొడ కాలిపోతుంది. మీ తాతగారు ఎండాకాలంలో తోలి ఉంటే ఆ కాలి కథ ఇంట్లో ఎవరికైనా చెప్పే ఉంటారు.

మీ బాబాయిగారి బెడ్‌ఫోర్డ్ మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. బెడ్‌ఫోర్డ్ క్యూఎల్ మొహం కూడా మొద్దే, స్టీరింగూ కుడివైపే. అయితే దాని అద్దం కింది అంచు ఇలా లోపలికి వాలదు.

ఫోర్డా, షెవర్లేనా తేల్చాలంటే రేడియేటర్ ముందున్న జాలీ చూడాలి. ఫోర్డ్ జాలీలో గళ్లు నిలువు చదరాలు, షెవర్లేలో ఐమూలగా ఉంటాయి. లోపల ఇంజన్లు వేరే: ఫోర్డ్‌ది వీ8, అంటే వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు, షెవర్లేది వరసగా ఆరు సిలిండర్లు. ఇంజను శబ్దం వింటే కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి, ఫొటోకి నోరు లేదాయె. మనుషుల కాళ్ల మధ్య జాలీ ఎక్కడైనా కనిపిస్తోందేమో పెద్దది చేసి చూడండి.

పద్మ, బ్రాడీపేట (గుంటూరు)

ఆటోనగర్ బాబాయి గారూ, చాలా సంతోషం. ఎడమ చివర నిలబడిన ఆయన మోకాలి పక్కన కొంచెం జాలీ కనిపిస్తోంది. గళ్లు ఐమూలగానే ఉన్నాయి. జాలీ పైన ఏవో అక్షరాలున్నట్టుంది కానీ ఒకాయన చెయ్యి అడ్డం వచ్చింది. మరి ఆ ‘ఎల్’ సంగతేమిటి? ఆ గుండ్రటి బిళ్ల?

మాజీ హవల్దార్, ఈఎంఈ (చిలకలూరిపేట)

ఇది నాకు వదిలేయండి. ఈఎంఈలో, అంటే సైన్యం బండ్లు మరమ్మతు చేసే విభాగంలో, సుబేదారు దగ్గర తిట్లు తిని నేర్చుకున్న విద్య.

బ్రిటిష్ సైన్యం పద్ధతిలో బండి నంబరు ముందు ఒక అక్షరం ఉంటుంది. ఎల్ అంటే లారీ. పదిహేను హండ్రెడ్‌వెయిట్ (ముప్పావు టన్ను) చిన్న ట్రక్కులకు జెడ్, కార్లకు ఎం, మోటారు సైకిళ్లకు సి, అంబులెన్సులకు ఏ. కాబట్టి మీది చిన్న ట్రక్కు కాదని ఆ ఒక్క అక్షరమే చెబుతోంది.

గుండ్రటి బిళ్ల వంతెనల కోసం. పసుపు బిళ్ల మీద నల్ల అంకె. అది బండి బరువు తరగతి. వంతెన దగ్గర కూడా అలాంటి అంకె బోర్డు ఉంటుంది. బండి అంకె దానికన్నా పెద్దదైతే కాపలా సిపాయి ఆపేస్తాడు.

దానికి తోడు బంపరు మీదో మడ్‌గార్డు మీదో రెండు బొమ్మలు వెతకండి. ఒకటి డివిజన్ గుర్తు. 17వ భారత డివిజన్‌ది నల్ల పిల్లి, 5వ దానిది ఎర్రటి బంతి, 19వ దానిది బాకు పట్టిన చెయ్యి. రెండోది ఏ విభాగమో చెప్పే చదరం. సర్వీస్ కోర్‌దైతే ఎరుపు, ఆకుపచ్చ ఐమూలగా సగం సగం. ఇక్కడొక చిక్కుంది. ఆ కాలంలో చాలా ఫిల్ములకు ఎరుపు కనిపించేది కాదు, ఫొటోలో అది నల్లగా పడేది. 5వ డివిజన్ ఎర్ర బంతి నల్ల చుక్కలాగే పడుతుంది. నల్లగా ఉంది కదా అని నల్లదే అనుకోవద్దు. కొన్ని ఫొటోల్లో ఆ గుర్తులే ఉండవు, సెన్సారు వాళ్లు గీకేసి పంపేవారు. మీ ఫొటోలో బంపరు మీద తెల్ల మచ్చ అలాంటిదే కావచ్చు.

ఇంకో మాట. స్టీరింగు ఏ వైపుందో చెప్పేముందు ఫొటో తిరగబడి అచ్చు పడిందేమో చూడాలి. నంబరు అక్షరాలు సరిగా చదవగలుగుతున్నారంటే ఫొటో సరిగానే ఉంది. నంబరు కనపడనప్పుడు మనిషి ఛాతీ చూడండి, మెడల్ రిబ్బన్లు ఎడమవైపే ఉంటాయి.

పాత ఇనుము, ఆటోనగర్ (విజయవాడ)

హవల్దార్ గారు చెప్పింది అక్షరాలా నిజం. గళ్లు ఐమూలగా ఉంటే అది షెవర్లే. ఎల్ అక్షరానికి తోడు టైర్లు చూడండి, పక్కనున్న మనిషి నడుము దాకా వచ్చాయి. అవి 20 అంగుళాల చక్రాలు, అంటే 3 టన్నుల బండి. చిన్నవాటికి 16 అంగుళాలు.

చక్రాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, పాత బండ్ల పిచ్చి ఉన్న కుర్రవాళ్లు వినండి. ఈ రకం మిలిటరీ బండ్లలో కొన్ని చక్రాలు రెండు పళ్లాలు కలిపి బోల్టులతో బిగించినవి. హబ్బు చుట్టూ ఒక వరస నట్లు, దాని బయట రిమ్ము పట్టే ఇంకో వరస. టైరులో గాలి ఉండగా బయటి వరస విప్పితే పళ్లెం ఎగిరి మనిషిని చంపేస్తుంది. అందుకే వాటికి ఎర్ర రంగు వేసేవారు. ఎక్కడైనా షెడ్డులో అలాంటి చక్రం కనబడితే ముందు గాలి తీయండి, తర్వాతే స్పానరు పట్టుకోండి.

ఇక జీపు. పద్మమ్మా, ఇది మీకు నచ్చకపోవచ్చు. రేడియేటర్ ముందు రేకులో నిలువు చీలికలు లెక్కపెట్టాను, ఏడు ఉన్నాయి. యుద్ధకాలపు జీపు విల్లీస్‌దైనా ఫోర్డ్‌దైనా ఆ రేకులో తొమ్మిది ఉంటాయి. హెడ్‌లైట్లు చిన్నవిగా, రేకు వెనక్కి ఒదిగి ఉంటాయి. మీ ఫొటోలో అవి పెద్దవి, బయటికి ఉన్నాయి. స్టెపినీ చక్రం వెనక కాక పక్కన తగిలించి ఉంది. ఇది విల్లీస్ వాళ్లు 1945లో జనం కోసం తెచ్చిన రకం. ఇంఫాల్ పోరు 1944 మార్చి నుంచి జూలై వరకు. ఆ రోజుల్లో ఈ బండి పుట్టనే లేదు.

మీ తాతగారు ఇంఫాల్ వెళ్లలేదని నేననడం లేదు. ఈ ఫొటో ఇంఫాల్‌లో తీసింది కాదు, అంతే. పెన్సిలు రాత తర్వాత ఎవరో గుర్తుకోసం రాసింది. చెరపకండి, అది కూడా మీ ఇంటి కాగితమే.

మూడోదాని క్యాబిన్ మనవాళ్లు కట్టిన చెక్కది, దాన్ని చూసి ఏమీ చెప్పలేం. కానీ ముందు ఇరుసు చూడండి, మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బు ఉంది. అంటే ముందు చక్రాలకూ డ్రైవు వెళ్తోంది. ఆ రోజుల్లో మిరపకాయలు మోసే మామూలు లారీకి ఆ ఖర్చు ఎవరు పెడతారు? యుద్ధం అయ్యాక డిస్పోజల్‌లో వేలం వేసిన మిలిటరీ బండి అది. పది టైర్లు, ఎడమ స్టీరింగు, ముందు డ్రైవు కలిపి చూస్తే అమెరికా రెండున్నర టన్నుల బండి. వాటిలో ఎక్కువగా తయారైంది జీఎంసీనే, 5 లక్షలు దాటింది. కృష్ణలంక కుర్రాడా, నీ జీఎంసీ బహుశా ఇక్కడుంది, తప్పు ఫొటోలో వెతికావు.

కృష్ణలంక కుర్రాడు

సగం గెలిచినట్టేగా తాతా!

పద్మ, బ్రాడీపేట (గుంటూరు)

బాబాయికీ అన్నయ్యకీ చూపించాను. ఇద్దరూ ఓడిపోయినందుకు అమ్మ సంబరపడుతోంది. కాలు కాలిన కథ నిజమే. తాతయ్య ఎడమ తొడ మీద మచ్చ ఉండేదని, బండి ఇంజను వేడికేనని చెప్పేవాడని అమ్మ అంటోంది. కుడివైపు స్టీరింగు అయితే ఇంజను ఎడమవైపే ఉంటుంది కదా!

పాత ఇనుము, ఆటోనగర్ (విజయవాడ)

ఉంటుందమ్మా. మొదటి ఫొటో కింద ఇలా రాయించండి: ‘షెవర్లే 3 టన్నుల లారీ, కెనడా తయారీ, క్యాబ్ 13’. సంవత్సరం వేయకండి, 1941 చివరి నుంచి 1945 మధ్య ఎప్పుడైనా కావచ్చు. జీపు కింద ‘విల్లీస్ జీపు, యుద్ధం తర్వాతిది’ చాలు. మూడోదానికి ఇప్పుడే పేరు పెట్టకండి. తొట్టి వెనక పలక మీద ఏదో రాత ఉంది, దాన్ని ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేసి పెట్టండి. ఫొటోల వెనక స్టూడియో ముద్రలు ఉంటే అవి కూడా.