పోర్ట్ అగస్టా నుంచి డార్విన్ దాకా లిఫ్ట్ అడుగుతూ, ఒంటరిగా టెంట్‌లో పడుకుంటూ వెళ్లవచ్చునా?

జడ్చర్ల బాటసారి:

అందరికీ నమస్కారం. మాది జడ్చర్ల దగ్గరి పల్లె. యువత అక్కడ పని చేస్తూ తిరగడానికి ఇచ్చే వర్క్ అండ్ హాలిడే వీసా (462) లాటరీలో పేరు రావడంతో దక్షిణ ఆస్ట్రేలియాకు వచ్చి, రెన్‌మార్క్ వైపు నారింజ, ద్రాక్ష తోటల్లో పని చేస్తున్నాను. నవంబరు ఆఖరుకు చేతిలో పని ఉండదు కాబట్టి, డిసెంబరులో పోర్ట్ అగస్టా నుంచి స్టూవర్ట్ హైవే వెంట కూబర్ పీడీ, ఆలిస్ స్ప్రింగ్స్, కాథరిన్ మీదుగా డార్విన్ వరకు, సుమారు 2,700 కిలోమీటర్లు, వచ్చే పోయే వాహనాలను లిఫ్ట్ అడుగుతూ వెళ్లాలని అనుకుంటున్నాను. బస్సు టికెట్‌కు డబ్బులు లేక కాదు, ఆ నేలను నెమ్మదిగా చూడాలన్న కోరికతోనే. ఊళ్లో ఉన్నప్పుడు లారీలు, ట్రాక్టర్లు ఆపి ఎక్కే కాలేజీకి పోయినవాణ్ణి. నల్లమలలో సలేశ్వరం జాతరకు నాలుగుసార్లు నడిచినవాణ్ణి. 44 డిగ్రీల ఎండ నాకు కొత్త కాదు. అమ్మకు మాత్రం ఇంకా చెప్పలేదు. అక్కడ బండ్లు ఆపుతారా, రాత్రి ఎక్కడ పడుకోవాలి, నీళ్లు ఎన్ని మోయాలి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మిర్యాలగూడ, ప్రస్తుతం అడిలైడ్:

తమ్ముడూ, నేను ఈ దారిలో ఆలిస్ స్ప్రింగ్స్ వరకు జులై నెలలో, అంటే అక్కడి చలికాలంలో, ఇలాగే వెళ్లాను. బండ్లు ఆపుతారు, ముఖ్యంగా ఉద్యోగ విరమణ చేసి కారు వెనుక కారవాన్ (చక్రాల ఇల్లు) కట్టుకొని దేశం తిరిగే ముసలి దంపతులు ఆపి, బిస్కట్లు పెట్టి మరీ మాట్లాడతారు. అయితే వారంతా చలికాలంలోనే ఉత్తరానికి పోతారు, డిసెంబరులో ఆ రోడ్డు దాదాపు ఖాళీగా ఉంటుంది.

అసలు చెప్పవలసింది వేరే ఉంది. ఎక్కడ ఎక్కామన్నది కాదు, ఎక్కడ దిగామన్నదే అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. గ్లెండాంబో నుంచి కూబర్ పీడీకి సుమారు 250 కిలోమీటర్లు; మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ పోయి, తిరిగి వచ్చి, మళ్లీ సగం దారి పోయినంత దూరం. ఆ మధ్యలో పెట్రోలు బంకు గాని, చాయ్ దుకాణం గాని, నీళ్ల కుళాయి గాని లేదు. నన్ను ఎక్కించుకున్న ఒక పెద్దమనిషి మంచివాడే, కాని ఆయన పశువుల క్షేత్రానికి పోయే మట్టి రోడ్డు దారి మధ్యలోనే హైవే నుంచి చీలిపోయింది. ఇక్కడ దిగుతావా అని అడిగితే మొహమాటానికి దిగాను. ఆరు గంటలు నిలబడ్డాను. నీడ కోసం నా సంచి నీడలోనే తల పెట్టుకొని కూర్చున్నాను, అదీ జులైలో. కాబట్టి ఎక్కే ముందే, మీరు తరువాతి రోడ్‌హౌస్ (హైవే మీద పెట్రోలు, తిండి, బస దొరికే చోటు) దాకా పోతున్నారా అని అడుగు. కాదంటే, ఎంత మర్యాదగా పిలిచినా ఎక్కకు.

లిఫ్ట్ కూడా రోడ్డు పక్కన చెయ్యి చాపి కాక, రోడ్‌హౌస్‌లో పెట్రోలు పోయించుకునేవారిని ముఖాముఖి అడగడమే మేలు. మనిషిని చూసుకోవచ్చు, వారూ మనల్ని చూసుకుంటారు. బండి నంబరు ఫోటో తీసి, వారి ఎదుటే ఇంటికి పంపు. మంచివారెవరూ తప్పు పట్టరు. చట్టం రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది, క్వీన్స్‌లాండ్‌లో రోడ్డు మీద నిలబడి లిఫ్ట్ అడగడం నేరం. అమ్మ భయపడేది 1989–1992 మధ్య ఏడుగురు యువ ప్రయాణికులను చంపి, 1996లో శిక్ష పడిన ఇవాన్ మిలాట్ వంటివాడి గురించే అయితే, ఆ శవాలు దొరికిన బెలాంగ్లో అడవి ఎడారిలో లేదు, సిడ్నీకి నైరుతి దిక్కున ఉంది. ఎడారి వేరే తీరుగా చంపుతుంది.

దేవరకొండ ఆడబిడ్డ:

నేను ఆలిస్ స్ప్రింగ్స్‌లో మూడేళ్లు నర్సుగా పని చేశాను. 44 డిగ్రీలు అలవాటే అన్న మీ మాట దగ్గరే నాకు భయం వేసింది. మన దగ్గర ఎండలో చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, దాహం తెలుస్తుంది. అక్కడి పొడి గాలిలో చెమట పుట్టీ పుట్టగానే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీరు పోతున్నదని మనిషికే తెలియదు. తలనొప్పి, తికమక మొదలయ్యేసరికి ఆలస్యమైపోతుంది. హైవేకు తూర్పున ఉన్న ఊడ్నడాటాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైంది. వేసవిలో రోజుకు పది లీటర్లు కావాలంటే అది పది కిలోల బరువు, దాన్ని వీపున వేసుకొని టెంట్ ఎక్కడ మోస్తారు? డిసెంబరు ఆలోచన పూర్తిగా మానుకోండి. పైగా ఆ నెలకు డార్విన్ వైపు వానలు మొదలై, ఒక్కోసారి రోడ్లు మునుగుతాయి. జూన్, జులైలలో వెళ్లండి. అప్పుడు ఆలిస్ స్ప్రింగ్స్‌లో రాత్రి చలి సున్నా డిగ్రీలకు కూడా దిగుతుంది కనుక మన ఊరి దుప్పటి సరిపోదు, మంచి స్లీపింగ్ బ్యాగ్ కొనుక్కోండి.

పడుకోవడానికి రోడ్‌హౌస్ వెనుక ఉండే క్యాంపు స్థలాలు మంచివి, స్నానానికి వేడినీళ్లు దొరుకుతాయి. ఇసుక మెత్తగా ఉందని ఎండిన వాగులో టెంట్ వేయకండి. మన దిండి వాగు లాగే, వాన ఎక్కడో పడి నీళ్లు ఇక్కడికి వస్తాయి. ఆ వాగుల ఒడ్డున నీడగా నిలబడి ఉండే రివర్ రెడ్ గమ్ (ఒక రకం యూకలిప్టస్) చెట్లు గాలి లేకున్నా పెద్ద కొమ్మలను విరిచి పడేస్తాయి, వాటి కింద కూడా వద్దు. కూబర్ పీడీ చుట్టూ ఒపల్ అనే రత్నపు రాళ్ల కోసం తవ్వి వదిలేసిన గుంతలు వేల సంఖ్యలో, గోడ లేని పాడుబావుల లాగా నోరు తెరుచుకొని ఉన్నాయి. చీకటిలో అటు నడవకండి. కాథరిన్ దాటాక ఏ నీటి ఒడ్డునా పడుకోకండి, మొసళ్లు ఉంటాయి.

ఊరు దాటగానే ఫోన్ మూగబోతుంది, అత్యవసర నంబరు 000 కూడా పలకదు. ఉపగ్రహానికి సంకేతం పంపే పీఎల్‌బీ అనే చిన్న పరికరాన్ని కొనుక్కొని, అక్కడి సముద్ర భద్రతా సంస్థ దగ్గర ఉచితంగా నమోదు చేయించుకోండి. మారుమూల రోగుల కోసం వచ్చే ఫ్లయింగ్ డాక్టర్ విమానం 1928 నుంచి తిరుగుతూనే ఉంది గాని, మీరు ఎక్కడ ఉన్నారో దానికి తెలియాలి కదా.

కల్వకుర్తి డ్రైవర్:

నేను అడిలైడ్–డార్విన్ మధ్య రోడ్ ట్రైన్, అంటే వరుసగా ట్రైలర్లు తగిలించిన పొడవాటి లారీ, నడుపుతాను. ఊళ్లో లారీ ఆపినట్టు మమ్మల్ని ఆపవచ్చుననుకోవద్దు తమ్ముడూ. ఉత్తర భూభాగంలో (డార్విన్ ఉన్న నార్తర్న్ టెరిటరీలో) మా బండి 53.5 మీటర్ల దాకా పొడవు, వంద టన్నులు దాటిన బరువు; నిన్ను చూసి బ్రేకు తొక్కితే ఎంతో ముందుకు పోయి గాని ఆగదు. ఆగినా కంపెనీ, బీమా నియమాల వల్ల చాలామందిమి ఎక్కించుకోలేము. మేము వస్తున్నప్పుడు రోడ్డుకు దూరంగా జరుగు, ఆ గాలికే మనిషి తూలిపోతాడు. చీకటి పడే వేళకు కంగారూలు, పశువులు రోడ్డెక్కుతాయి కాబట్టి తెలిసినవారెవరూ కారు నడపరు. సాయంత్రం నాలుగు దాటితే ఇక లిఫ్ట్ వెతకకు, టెంట్ వేసుకో. ఉలూరు అనే పెద్ద ఎర్ర కొండ చూడాలంటే ఎర్ల్‌డండా దగ్గర హైవే వదిలి, దాని దగ్గరి ఊరు యులారాకు 245 కిలోమీటర్లు పోవాలి, జాతీయ పార్కు లోపల టెంట్ వేయనివ్వరు. హైవే దాటి ఆదివాసుల భూములలోకి పోవాలంటే అనుమతి పత్రం కావాలి.

జడ్చర్ల బాటసారి:

అన్నలకు, అక్కకు కృతజ్ఞతలు. డిసెంబరు మానుకున్నాను, తోట యజమాని ద్రాక్ష కోతకు మళ్లీ పిలుస్తానన్నాడు కనుక జూన్ దాకా ఇక్కడే ఉంటాను. పీఎల్‌బీ ధర చూశాను, టెంట్ కన్నా ఎక్కువే, అయినా కొంటాను. ఈ ఆదివారం అమ్మకు ఫోన్ చేసి చెబుతాను.

కల్వకుర్తి డ్రైవర్:

బయలుదేరే తేదీ ఖాయమయ్యాక ఇక్కడ రాయి. లిఫ్ట్ ఇవ్వలేను గాని, ఆ వారం నేను అటే ఉంటే మార్లా రోడ్‌హౌస్‌లో చాయ్ తాగుదాం.