బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లో కంపెనీ ర్యామే వేయాలా, బయటిది పర్లేదా?

నీలితెర:
ఆఫీసులో డెల్ ఆప్టిప్లెక్స్ 3050 ఎస్‌ఎఫ్‌ఎఫ్‌లు (చిన్న డబ్బా రకం డెస్క్‌టాప్‌లు) 12 ఉన్నాయి. ఐ5-7500 ప్రాసెసర్, ఒక్కోదాంట్లో ఒకే 8 జీబీ ర్యామ్ స్టిక్కు. రెండో స్లాట్లో ఇంకో 8 వేద్దామనుకుంటున్నాం. డెల్ స్టిక్కరున్న ర్యామ్ తప్ప వేరేది వేస్తే మెషీన్ ఆన్ కాదంటున్నాడు సప్లయరు. దానికి బయటిదానికంటే రెట్టింపు ధర చెప్తున్నాడు. నిజమేనా?

సర్వీస్‌బెంచి:
కాదండీ. డెల్ మెమరీ చిప్పులు తయారు చేయదు. ఆ స్టిక్కరు కింద ఉండేది శామ్‌సంగో, ఎస్‌కే హైనిక్సో, మైక్రానో. మదర్‌బోర్డు చదివేది స్టిక్కరు కాదు, స్టిక్కు మీదుండే ఎస్‌పీడీ అనే చిన్న చిప్పులోని సైజు, వేగం వివరాలు.

ఇప్పుడున్న స్టిక్కు తీసి లేబుల్ చూడండి. ‘8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-2400టీ-యూ’ లాంటి వరుస కనబడుతుంది. 1ఆర్ అంటే ఒకే ర్యాంకు (చిప్పులన్నీ ఒకే జట్టుగా పనిచేసేది), ఎక్స్8 చిప్పు వెడల్పు (ఒక్కో చిప్పు ఒకసారికి 8 బిట్లు), పీసీ4 అంటే డీడీఆర్4, 2400 వేగం, టీ అంటే సీఎల్17 టైమింగు (జవాబిచ్చే ఆలస్యం), చివరి యూ అంటే బఫర్ లేని మామూలు డెస్క్‌టాప్ స్టిక్కు. ఇవి కలిస్తే ఎవరిదైనా నడుస్తుంది. కింగ్‌స్టన్‌లో అయితే కేసీపీతో మొదలయ్యే నంబర్లు బ్రాండెడ్ మెషీన్ల కోసమే ఉన్నాయి.

తెనాలిటెక్:
సప్లయరు మాట అతిశయోక్తే. కానీ ‘ఎవరిదైనా’ అన్న మాటకి నేనొప్పుకోను. ఈ మెషీన్ల బయాస్‌లో (ఆన్ కాగానే నడిచే సెట్టింగుల ప్రోగ్రాం) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని మామూలుకంటే ఎక్కువ వేగంలో నడిపే సెట్టింగు, ఉండదు, వోల్టేజి, టైమింగులు మార్చడానికీ ఉండదు. 3200 అని రాసున్న గేమింగ్ స్టిక్కులు చాలావరకు ఎక్స్‌ఎంపీ ఉంటేనే ఆ వేగానికి వెళ్తాయి. ఇక్కడ 2133కో 2400కో ఆగిపోతాయి. ఐ5-7500 ఎలాగూ 2400 దాటదు. పైగా చిన్న డబ్బా, ఎత్తైన హీట్‌సింకు పైన డ్రైవు బిగింపుకి తగలొచ్చు.

పార్క్‌లేన్‌బాబు:
సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) చవగ్గా దొరికితే లేబుల్ మీది చివరి అక్షరం చూడకుండా కొనకండి. యూ బదులు ఆర్ ఉంటే సర్వర్ ర్యామ్. డీడీఆర్3లోనూ డీడీఆర్4లోనూ అది స్లాట్లో చక్కగా కూర్చుంటుంది, మెషీన్ మాత్రం లేవదు. ఎస్ ఉంటే ల్యాప్‌టాప్‌ది. 3050లోనే మైక్రో మోడల్‌కి వేయాల్సింది ఈ ఎస్ రకమే. శామ్‌సంగ్ నంబరైతే ఇంకా తేలిక: ఎం378 డెస్క్‌టాప్, ఎం471 ల్యాప్‌టాప్, ఎం393 సర్వర్.

సర్వీస్‌బెంచి:
పాత డీడీఆర్3 మెషీన్లలో ఇంకో గుంట ఉంది. ‘ఏఎండీకి మాత్రమే’ అని అమ్మే చవక 8 జీబీ స్టిక్కులు ఎక్స్4 చిప్పులతో కట్టినవి. ఇంటెల్ డెస్క్‌టాప్‌లో మెమరీని నడిపే కంట్రోలరు వాటిని వాడుకోలేదు. ఎక్స్4 పనికిరాదని హెచ్‌పీ తన హార్డ్‌వేర్ గైడుల్లోనే రాసింది. మోడల్ పేరు నమ్ముకున్నా ప్రమాదమే: ఆప్టిప్లెక్స్ 7010 అంటే 2012లో డీడీఆర్3, అదే పేరుతో 2023లో వచ్చినదానికి డీడీఆర్4, 7010 ప్లస్‌కి డీడీఆర్5. మెషీన్ మీదుండే సర్వీస్ ట్యాగ్ నంబరు డెల్ సైట్లో కొట్టి చూసుకోవాల్సిందే.

నీలితెర:
మరి పాత స్టిక్కు పక్కన వేరే కంపెనీది పెడితే డ్యూయల్ ఛానల్ (రెండు స్టిక్కులూ ఒకేసారి డేటా అందించడం) వస్తుందా?

తెనాలిటెక్:
వస్తుంది. కావాల్సింది రెండు ఛానళ్లలో సమాన సైజు, ఒకే కంపెనీ కాదు. 8కి తోడు 4 వేసినా ముందు 4+4 డ్యూయల్‌గా, మిగతా 4 సింగిల్‌గా నడుస్తాయి. రెండింట్లో నెమ్మదైనదాని వేగానికి రెండూ దిగుతాయి, అంతే.

నా వాదనల్లా 12 మెషీన్ల గురించి. వారంటీ ఉన్నవైతే కంప్లైంటు పెట్టినప్పుడు ముందు బయటి ర్యామ్ తీసి చూడమంటారు. ఒకే పార్టు నంబరు 13 కొని, ఒకటి స్పేరు పెట్టుకుంటే ఏది పాడైందో తేల్చడం సులువు. మూడు నాలుగు రకాలు కలిస్తే ఆదా చేసిన డబ్బు తనిఖీలకే పోతుంది.

సర్వీస్‌బెంచి:
ఒకే పార్టు నంబరు అన్నదానికి ఒప్పుకుంటాను. దానికి డెల్ స్టిక్కరు అక్కర్లేదు. 3050ల వయసుకి వారంటీ ముచ్చటా లేదు.

ముందు ఒకటే కొని ఒక మెషీన్లో వేయండి. ఆపేశాక పవర్ కేబుల్ కూడా పీకాలి, ప్లగ్ ఉన్నంతసేపు మెమరీకి కరెంటు అందుతూనే ఉండొచ్చు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కాసేపు తెర నల్లగానే ఉండొచ్చు. అది మెమరీ ట్రైనింగ్, అంటే కొత్త ర్యామ్‌కి తగ్గట్టు బోర్డు సర్దుకోవడం, కంగారుపడి స్విచ్ ఆపొద్దు. మెమరీ సైజు మారిందన్న సందేశం వస్తే అది తప్పు కాదు. ఆ తర్వాత ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం నాలుగు పాసులు వదలండి. ఒక్క ఎర్రరొచ్చినా స్టిక్కు వెనక్కే.

పార్క్‌లేన్‌బాబు:
పవర్ లైటు ఆరెంజ్‌లో కొట్టుకుంటుంటే ర్యామ్ కనబడలేదని కావొచ్చు. సగం కేసుల్లో సరిగ్గా నొక్కకపోవడమే, రెండు వైపులా క్లిప్పు టక్కుమనాలి. లేదంటే ర్యామ్ పాడై ఉండొచ్చు. ఆ బోర్డుకి పడని రకమైతే ఎన్నిసార్లు తీసి పెట్టినా లాభం లేదు. అమ్మేవాడు మార్చిస్తాడో లేదో బిల్లు మీద రాయించుకునే డబ్బు కట్టండి.