ఈఎస్‌ఐ నిరుద్యోగ భత్యం వాళ్లకి ఉద్యోగ సాయం మొదటి వారం నుంచే ఇవ్వాలా?

గాజువాక_ఫిట్టర్: ఈఎస్‌ఐ వాళ్ల అటల్ బీమిత్ పథకంలో ఉద్యోగం పోయినవాడికి సగటు రోజు వేతనంలో 50 శాతం, 90 రోజుల వరకు, జీవితంలో ఒక్కసారే. క్లెయిమ్ పెట్టాలన్నా ముందు 30 రోజులు ఖాళీగా ఉండాలి. ఆ నెలంతా పలకరించే దిక్కుండదు. డబ్బు తర్వాత, పని చూసిపెట్టే మనిషి ముందు కావాలంటాను.

లెక్కల_మాస్టారు: అందరికీనా? మంచి వెల్డర్‌కి ఆటోనగర్ మేస్త్రీ ఫోన్ కొడితే చాలు. అలాంటివాడి మీద పెట్టిన ఖర్చు వృథా, పైగా ‘మేమే పెట్టించాం’ అని రాసుకుంటారు. నిరుద్యోగులకి పని వెతికిపెట్టే బ్రిటన్ 2011 వర్క్ ప్రోగ్రామ్‌లోకి 25 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లని మామూలుగా భత్యం మొదలైన 12 నెలలకే పంపారు. అయినా యజమాని ఈఎస్‌ఐ చందా కట్టేది మరుసటి నెల 15లోపు. మొదటి వారంలో ఆఫీసుకి తెలిసేదెలా?

గాజువాక_ఫిట్టర్: అక్కడ భత్యం ఏడాది దాటినా వస్తుంది మాస్టారూ. ఇక్కడ పన్నెండు నెలలాగితే ఇంట్లో బంగారం మిగలదు.

పరవాడ_హెచ్‌ఆర్: సాయం అంటే పని చూసిపెట్టే మనిషే అనుకుంటున్నారు ఇద్దరూ. పని ఆగేది కాగితం దగ్గర. పాత కాంట్రాక్టర్ పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ, అంటే పని మానేసిన తేదీ, వెయ్యడు. కార్మికుడు తనే వేసుకోవాలంటే ఆఖరి చందా తర్వాత రెండు నెలలాగాలి. ఆధార్‌లో అప్పలరావు, పీఎఫ్‌లో అప్పారావు. గేట్‌పాస్‌కి పోలీస్ వెరిఫికేషన్, మెడికల్ సరేసరి. ఇక చేతి సంగతి: 6జీ అనే వెల్డింగ్ టెస్ట్‌లో పైపు 45 డిగ్రీల్లో బిగించి ఉంటుంది, తిప్పనివ్వరు. మూడు నెలలు వెల్డింగ్ హోల్డర్ పట్టనివాడు రూట్ పాస్‌లోనే, అంటే అతుకు అడుగున వేసే మొదటి వరసలోనే, దొరికిపోతాడు, లోహం లోపలిదాకా కరిగి అంటక ఎక్స్‌రేలో నల్లగీత. కంచరపాలెం ఐటీఐలో ప్రాక్టీసుకి ఒక వెల్డింగ్ బూత్, నాలుగు ప్యాకెట్ల రాడ్లు ఇప్పిస్తే చాలు. దానికి పెద్ద ఖర్చేటి?

లెక్కల_మాస్టారు: కాగితాలు, బూత్ అందరికీ ఇవ్వండి, ఒప్పుకుంటాను. వెంటపడి తిరిగే మనిషి మాత్రం ట్రేడ్ సర్టిఫికెట్ లేని హెల్పర్‌కి, 45 ఏళ్లు దాటి ఒకే ఫ్యాక్టరీ గేటు తెలిసినవాడికే. ఈ పని ప్రైవేటు ఏజెన్సీకిస్తే, ఫ్యాక్టరీ ఆపి చేసే ఇరవై రోజుల షట్‌డౌన్ మరమ్మతు పనిలో దించి బిల్లు పెడుతుంది. కార్మికుడికి ఆరు నెలలు వరసగా పీఎఫ్ పడితేనే ఏజెన్సీకి చెల్లించాలి.

గాజువాక_ఫిట్టర్: అలాగైతే 48 ఏళ్ల హెల్పర్ ఫైలు ఏ ఏజెన్సీ ముట్టుకుంటాది గురూ?

పరవాడ_హెచ్‌ఆర్: అతన్ని పనిలో పెడితే ఏజెన్సీకి రేటు రెట్టింపు పెట్టాలి, సగం అతను చేరిన నెలలో, సగం ఆరో నెలలో. ఒకే రేటైతే కుర్ర వెల్డర్లనే ఏరుకుంటారు.