అప్‌డేట్: బాల్‌పెన్‌తో ఎలుగుబంటి బొచ్చు కుదిరింది

మొన్న అడిగాను కదా, మామూలు బాల్‌పెన్‌తో ఎలుగుబంటిని గీస్తుంటే నల్ల బొచ్చంతా ఒకే ముద్దలా వస్తోంది, ఏం చేయాలని. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్, ఇప్పుడు చాలా బాగా కుదిరింది.

అన్నిటికన్నా పనిచేసింది పెన్ను కాస్త వెనక్కి పట్టుకుని, చేతి బరువు పడకుండా గీయడం. ఇందులో ఉండేది చిక్కటి నూనె ఇంకు కాబట్టి ఒత్తిడిని బట్టి లేత బూడిద నుంచి కటిక నలుపు దాకా వస్తుంది, అందుకే బొచ్చు వాలే దిక్కుగా సన్నటి గీతలు పొర మీద పొర వేస్తూ, వెలుగు పడే చోట కాగితం తెలుపునే వదిలేశాను. మన నల్లమల ఎలుగుకి మెడ, భుజాల మీద బొచ్చు పొడుగ్గా, చిందరవందరగా ఉంటుంది. మూతి మీద మాత్రం పొట్టిగా, లేత రంగులో, అక్కడ చుక్కలు చాలు. ఛాతీ మీది తెల్ల గుర్తుని చుట్టూ వెంట్రుకలు గీసి తేల్చాలి, తెల్ల జెల్ పెన్ పూస్తే అతికించినట్టుంటుంది.

మొనకి ఇంకు చేరుతూనే ఉంటుంది, టిష్యూతో తుడుస్తూ ఉండండి, లేదంటే సరిగ్గా కంటి దగ్గరే మరక పడుతుంది. ఫ్రేమ్ కట్టించొచ్చా అని ఒకరు అడిగారు: కట్టించండి, కానీ ఎండ తగిలే గోడకి వద్దు, ఈ ఇంకు వెలిసిపోతుంది. తర్వాత చిరుత మొదలుపెడుతున్నా.