జనం కలిసి తిట్టడం నిజంగా మన జన్యువుల్లోనే ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి

మాది రాజోలు దగ్గర లంక ఊరండి. వరదప్పుడు పాల ప్యాకెట్లు పంచుతుంటే ఒకావిడ రెండోసారి చెయ్యి చాపిందని ఎవరో వీడియో తీసి గ్రూపుల్లో పెట్టారు. ఆ రెండో ప్యాకెట్ మంచం మీదున్న అత్తగారికి. వీడియోలో ఆ సంగతి లేదు. ముక్కూమొహం తెలియనివాళ్లంతా దొంగ అని తిట్టారు, ఇప్పుడావిడ రేషన్‌కి కూడా రావట్లేదు.

బయాలజీ చెప్పే మా బావేమో "తప్పు చేసినవాణ్ణి శిక్షిస్తే మెదడుకి హాయి, పరిణామంలో వచ్చిన గుణం, మనమేం చేస్తాం" అంటాడు. 2004లో జ్యూరిచ్ యూనివర్సిటీవాళ్లు చేసిన స్కాన్ ప్రయోగం చూపించాడు, డబ్బు ఆటలో మోసగాణ్ణి శిక్షించేటప్పుడు మెదడులో హాయితో ముడిపడిన డోర్సల్ స్ట్రయేటమ్ అనే భాగం చురుగ్గా కనిపించిందట. సరే, కానీ అక్కడ శిక్షించింది మోసపోయినవాడే కదా, వీళ్లకి ఆవిడేం ద్రోహం చేసింది? పైగా కోపంగా రాసిన పోస్టుకి లైకులొస్తే తర్వాత ఇంకా కోపంగా రాస్తారని 2021లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్లు ట్విట్టర్ మీద తేల్చారు. అంటే కొంత అలవాటు చేసిందేగా? తీపి మీద ఆశ సహజమే, అలాగని షుగరున్నవాళ్లకి పూతరేకులు పెడతామా?

తనకి నష్టం లేకపోయినా శిక్షించేవాళ్ల మీద మంచి పరిశోధనలేమైనా ఉంటే చెప్పండి, తెలుగులో ఉంటే మరీ మంచిది. అలాగే ఆ వీడియో గ్రూపుల్లోంచి తీసేయించడానికి గ్రూప్ అడ్మిన్లతో ఎలా మాట్లాడాలో కూడా. "అందరూ షేర్ చేశారుగా" అంటున్నారు.